నీ బొబ్బిలి గేమ్ చదివాక, తమ్ముడికి

తమ్ముడూ,

బొబ్బిలి యుద్ధం మీద నువ్వు రాసిన రోల్‌ప్లేయింగ్ గేమ్, అదే అందరూ టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక క్యారెక్టర్‌గా మాట్లాడుతూ కథ నడిపించే ఆట, దాని స్క్రిప్ట్ మొత్తం చదివాను. బాగుంది, ముఖ్యంగా ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోట చుట్టూ దిగిపోయాక రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు పట్టుకెళ్ళే సెషన్ చదువుతుంటే నాకే కూర్చుని ఆడాలనిపించింది. కానీ నలుగురు ప్లేయర్లలో ఒకడిని విజయనగరం రాజు విజయరామరాజు గూఢచారిగా పెట్టి, ఆ సంగతి మిగతా ముగ్గురికీ ఆఖరి దాకా తెలియకూడదు అని రాశావు చూడు, అదొక్కటీ మార్చాలి.

క్యారెక్టర్లు కొట్టుకోవడం తప్పని కాదురా, కొట్టుకోవాలి, అప్పుడే కథకి రుచి. 1984లో వచ్చిన పారనోయా అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ అయితే ఆటంతా అదే, ప్రతివాడి దగ్గరా ఓ రహస్యం, పక్కవాడి మీద పితూరీలు చెప్పడమే పని, చస్తే ఇంకో క్లోన్ వస్తాడు. అక్కడ చెల్లుతుంది, ఎందుకంటే కూర్చునే ముందే ఇది ఇలాంటి ఆట అని అందరికీ తెలుసు. నీ ఆటలో ముగ్గురికి తెలీదు. నెలల తరబడి వాడిని నమ్మి ఆడాక మోసమని బయటపడితే ఆ మంట క్యారెక్టర్ది కాదు, అసలు మనిషిది.

పైగా మన దగ్గర 1757 నాటి ఆ యుద్ధం అంటే పుస్తకంలో విషయం కాదు కదా. పైడితల్లి అమ్మ విజయరామరాజు చెల్లెలని వింటూ ప్రతి ఏడూ సిరిమాను చూసి పెరిగిన పిల్ల ఒకవైపు, పాపారాయుడి కథ వింటూ పెరిగిన బొబ్బిలి కుర్రోడు ఇంకోవైపు, ఒకే టేబుల్ దగ్గర.

అందుకని సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడే చెప్పేయ్, గూఢచారి ఎవరో ప్లేయర్లందరికీ తెలుసు, క్యారెక్టర్లకి తెలీదు అని. సస్పెన్స్ పోతుందని భయపడకు, ఇంకా పెరుగుతుంది. కబురు పట్టుకెళ్ళే సోమన్న క్యారెక్టర్‌గా ఆడేవాడు అన్నీ తెలిసి కూడా పాపారాయుడికి ఇవ్వాల్సిన ఉత్తరం తీసి గూఢచారి చేతిలో పెట్టి "గుర్రం మీద నువ్వయితే తొందరగా పోతావు, నిన్నే నమ్ముతున్నా" అంటాడనుకో, టేబులంతా అయ్యో అయ్యో అని మొత్తుకుంటుంది, ఆ క్షణాన్ని నలుగురూ కలిసి కట్టారన్నమాట.

గూఢచారికి ఈ గుంపుని వదల్లేని కారణం కూడా ఒకటి ఇవ్వు. వాళ్ళ అక్కని బొబ్బిలి కోటలోకే ఇచ్చారనుకో, ఇక వాడు ఎటు మొగ్గినా నష్టమే. ఇలాంటి కారణం లేకపోతే గుంపు సొమ్ము కొట్టేసి "నా క్యారెక్టర్ అంతే" అనేవాళ్ళు తయారవుతారు, ఆ క్యారెక్టర్ని అలా రాసుకున్నది తనే కదా మరి.

డైస్ సంగతి. ఒక ప్లేయర్ ఇంకో ప్లేయర్ని ఒప్పించడానికి రోల్ చేస్తానంటే, అదే పాచికలు వేస్తానంటే ఒప్పుకోకు. సోమన్న నమ్మాడా లేదా అన్నది సోమన్నగా ఆడేవాడే చెప్పాలి. కత్తులు దూసే దాకా వస్తే, రోల్ కి ముందే ఓడితే ఏం పోతుందో ఇద్దరి నోటా అనిపించు, చావు అయితే ఇద్దరూ సరే అంటేనే.

ఇంకోటి, చెవులు రిక్కించి విను. "సోమన్న అబద్ధమాడాడు" అన్నంతసేపు పర్లేదు. అది "నువ్వు అబద్ధమాడావు" అయ్యిందంటే, ఇంకోడు పాచికలు పక్కకి నెట్టేసి ఫోన్ తీశాడంటే, ఆట ఆపేయ్, టీ పెట్టించు, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడు. అంతేగాని కథలో పిడుగు వేసి వాడికి బుద్ధి చెబుదామని మాత్రం చూడకు, గొడవ మనుషుల మధ్య అయినప్పుడు ఆట నడిపే జీఎం (గేమ్ మాస్టర్) కథలో వేసే శిక్ష ఇంకా కాలుస్తుంది.

దసరాకి అందరూ ఊరొస్తారు కదా, ఆడించడానికి అదే టైము. ఈలోపు రాజాం సెషన్ తిరగరాసి పంపు, ముందు ఆ గూఢచారి అక్కకి ఓ పేరు పెట్టు, కోటలో ఏ మూల ఉంటుందో కూడా రాయి.

ఉంటాను,
విజయనగరం నుంచి మీ అక్క