ర్యాంపు కట్టినా చక్రాల కుర్చీ ఎక్కకపోవడానికి కారణం

కావలి దగ్గర మీ ఊరి గ్రంథాలయానికి కొత్తగా కట్టిన ర్యాంపును మీ తమ్ముడు ఒంటరిగా ఎక్కలేకపోవడానికి, మీరు రాసిన కొలతలను బట్టి, వాలు మరీ నిటారుగా ఉండటమే కారణం.

1. రెండడుగుల ఎత్తుకు ఎనిమిది అడుగుల ర్యాంపు కట్టారు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ప్రమాణం కనుక 24 అడుగులు కావాలి. నెట్టే మనిషి కోసం ఎదురుచూడవలసి వస్తే ఆ ర్యాంపు మీ తమ్ముడికి మెట్లతో సమానమే. స్థలం చాలకపోతే మధ్యలో మలుపు తిప్పి, అక్కడ ఐదడుగుల చదును ఉంచండి.

2. ఎక్కువమంది మరిచిపోయేది తలుపు ముందరి చదును. వాలు నేరుగా గడపను తాకితే, తలుపు తీయడానికి ఒక చెయ్యి చక్రం మీది నుంచి తీసిన క్షణంలోనే కుర్చీ వెనక్కి జారుతుంది. అందువల్ల అక్కడ ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల సమతలం తప్పనిసరి. తలుపు బయటికి తెరుచుకునేదైతే రెక్క తిరిగే మేర ఇంకా కలపాలి. గడపను నేలమట్టానికి దించండి.

3. రెండు వైపులా చేతికడ్డీలు పెట్టించండి. చీమకుర్తి గ్రానైటు పరిచేట్లయితే పాలిష్ చేయని గరుకు రాయినే ఎంచుకోండి.

4. పంచాయతీవారు వెనుకాడితే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలకూ వర్తిస్తుందని అర్జీలో రాయండి.