నెప్ కాలం మీద నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. 1921 మార్చి, పదో పార్టీ మహాసభ, వేదిక మీద లెనిన్, చప్పట్లు. బాగానే రాశావు గానీ, ఇది చదివిన వాడికి సోవియట్ రష్యాలో నూతన ఆర్థిక విధానం, అంటే ఈ నెప్, ఎందుకు తెచ్చారో అర్థం కాదు. అది తెలియాలంటే కథను తంబోవ్ వైపు ఏదో ఒక పల్లెకి తీసుకెళ్లాలి.

అంతర్యుద్ధంలో బోల్షివిక్ ప్రభుత్వ సాయుధ దళాలొచ్చి మిగులు ధాన్యం పేరుతో గాదెలు ఊడ్చుకుపోయేవి. ఎంత మిగులో తేల్చేది వాళ్లే. దాంతో రైతులు విత్తడమే తగ్గించేశారు. తంబోవ్‌లో తిరగబడ్డారు. మహాసభ జరుగుతుండగానే క్రోన్‌స్టాట్ నౌకాస్థావరంలో నావికులు ప్రభుత్వం మీద తుపాకులు పట్టారు. అప్పుడు ఆ సేకరణ ఆపి, ధాన్యం రూపంలో పన్ను పెట్టారు. పన్నెంతో వీలైనంతవరకు విత్తనాలకు ముందే చెబుతాం, అది కట్టాక మిగిలింది మీ ఇష్టం అన్నారు. నిన్నటిదాకా గాదె ఊడ్చినవాళ్ల మాట నమ్మి పొలం మొత్తం విత్తాలా, సగమే విత్తాలా? తండ్రీ కొడుకుల చేత ఆ రాత్రి వాదులాడించు. పది పేజీలు తీసుకున్నా ఫర్వాలేదు. ఆ ఏడాదే వోల్గా ప్రాంతంలో వానల్లేక లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అది మాత్రం నాకు నచ్చలేదు.

నీ నెప్‌మన్‌కి, అదే ఆ కాలపు ప్రైవేటు వ్యాపారికి, బొజ్జ, బంగారు గొలుసు తప్ప ఇంకేమీ లేవు. ప్రైవేటు వ్యాపారికి ఆ దేశంలో ఓటు హక్కు లేదన్న సంగతి వాడుకో. కొట్టు తెరుచుకోనిచ్చారు, కానీ రేపు ఎవరు మూయిస్తారో అన్న టెన్షన్ అతనికి నిద్రలో కూడా ఉండాలి.

డబ్బు సంగతి కూడా చూపించు. 1922 చివర్లో చెర్వోనెట్స్ అనే కొత్త నోటు వచ్చింది. ఒక్కోటి లెక్క ప్రకారం 7.74 గ్రాముల బంగారంతో సమానం. దాని పక్కనే పాత కాగితం రూబుల్ రోజురోజుకీ పడిపోతూ ఉండేది. జీతం ఆ కాగితాల్లో అందుకున్నవాడు నేరుగా బజారుకి పరిగెత్తడా మరి! 1923లో ఇంకో చిక్కు. ఫ్యాక్టరీ సరుకు ధర పైకి, ధాన్యం ధర కిందికి. బోల్షివిక్ నేత ట్రాట్‌స్కీ దాన్ని తెరుచుకున్న కత్తెరతో పోల్చాడు. బండెడు ధాన్యం అమ్మినా ఇంటిల్లిపాదికీ బట్ట రాని రైతుని బజారులో నిలబెడితే, నీ నాలుగు పేజీల వ్యాసం అక్కర్లేదు.

ఇంకొకటి. 1923లోనే నీ రైతు సామూహిక వ్యవసాయం వచ్చి పొలం లాగేస్తుందని భయపడుతున్నాడు. 1929లో రైతుల్ని బలవంతంగా అందులోకి తోయడం మొదలైన సంగతి నీకు తెలుసు, అతనికెలా తెలుస్తుంది? అతను ఆ ఏడు ఇంకో ఆవు కొందామనుకుంటున్నాడు. కొననివ్వు. ఆ పేరాలు కొట్టేసి, మిగతాది తిరగరాసి పంపు.

— అన్నయ్య