పుస్తెలు పోయాయా, దొంగిలించబడ్డాయా?

సందేహం: అయ్యా, నమస్కారం. ఇటీవల మిర్యాలగూడలో మా బాబాయి కూతురి పెళ్లి జరిగింది. పుస్తెలు కట్టిన కొబ్బరికాయను పళ్లెంలో పెట్టి, పెద్దలు తాకి ఆశీర్వదించడానికి ఫంక్షన్ హాలంతా తిప్పారు. పళ్లెం తిరిగి వచ్చింది, అక్షింతలు వచ్చాయి, కొబ్బరికాయ రాలేదు. గుమాస్తాగా పనిచేసి రిటైరయిన మా పెద్దనాన్న వెంటనే విచారణకు దిగి, 'పుస్తెలు దొంగిలించింది ఎవరు?' అని వరుసవారీగా అందరినీ నిలదీశారు. ఆ మాట వినగానే పెళ్లికూతురి స్నేహితురాళ్లు బెదిరిపోయి, తాము దాచిన పెళ్లికొడుకు చెప్పులు తెచ్చి ఆయన ముందు పడేశారు. ఫొటోగ్రాఫరు అలిగి కెమెరా సర్దుకున్నాడు. పెద్దనాన్న పోలీసులకు ఇవ్వడానికి 'పుస్తెలు గుర్తు తెలియని వ్యక్తులచే దొంగిలించబడినవి' అని అర్జీ రాశారు. పెళ్లికూతురి మేనమామ 'పుస్తెలు పోయాయి అని రాస్తే చాలదా' అన్నారు. మా నాయనమ్మ 'శుభమా అని పెళ్లి జరుగుతుంటే పుస్తెలు పోయాయంటారా!' అని ఇద్దరినీ కసిరింది. అంతలో కొబ్బరికాయ వంటశాలలో దొరికింది. వంటాయన దగ్గర పనిచేసే కుర్రవాడు పచ్చడి కోసం హాలులో కొబ్బరికాయలు ఏరుతూ దాన్ని కూడా తీసుకుపోయాడట. పసుపుతాడు చూసి, పగలగొట్టకుండా అటక మీద పెట్టాడట. 'కొబ్బరికాయ సంగతి నన్నెవరూ అడగలేదు' అన్నాడు. ముహూర్తం దాటలేదు. ఇంతకీ ఎవరి మాట సరైనది? 'చోరీకి గురయ్యాయి' అనవచ్చా? పుస్తె అనాలా, తాళి అనాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం: అమ్మా, మీరు రాసిన కథలో నేరం ఒక్కటే జరిగింది. అది మీ పెద్దనాన్నగారి అర్జీలో ఉంది.

'దొంగిలించబడినవి' అనే మాటను వ్యాకరణం తప్పు పట్టదు. కర్మణి ప్రయోగం మన వ్యాకరణాల్లో ఉన్నదే. అయితే వ్యాకరణంలో ఉన్నదల్లా ఇంట్లో వాడుకునేది కాదు. పాలు ఒలికిపోతే ఏ తల్లీ 'పాలు పిల్లిచే తాగబడినవి' అనదు. 'పిల్లి తాగిపోయింది' అంటుంది, లేదా పిల్లినే నాలుగు తిడుతుంది. ఈ 'బడు' బతికేది బోర్డుల మీద: 'పాత బంగారం కొనబడును', 'సైకిళ్లు బాగు చేయబడును', 'ప్రకటనలు అంటించినవారు శిక్షింపబడుదురు'. కొనేవాడు, బాగుచేసేవాడు, శిక్షించేవాడు అందరూ బోర్డు వెనుక దాక్కుంటారు. కచేరీ కాగితాలను ఇంగ్లీషు నుంచి మక్కికి మక్కి తెలుగు చేసే అలవాటు దీన్ని మన మీద రుద్దింది. కాగితాల మధ్య ఉద్యోగం చేసిన మీ పెద్దనాన్నగారికి అది అంటుకోవడంలో వింత లేదు. కొత్తగా పత్రికల్లో చేరేవారికి మాత్రం ఏ సాకూ లేదు. వారు రోజూ 'సభ నిర్వహించబడింది', 'బహుమతులు అందజేయబడ్డాయి' అని రాస్తారు. నిర్వహించినవారు, అందజేసినవారు పక్కనే ఫొటోలో నిలబడి ఉంటారు.

మీ జిల్లాలోనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, కందూరు చోళుల కాలం నాటిది. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభపు నీడ కదలకుండా కనబడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే అది ఏ స్తంభానిదో చెప్పలేం. 'దొంగిలించబడినవి' సరిగ్గా అలాంటి వాక్యం: పని కనబడుతుంది, చేసినవాడు కనబడడు. గుడిలో అది శిల్పి నేర్పు. అర్జీలో మాత్రం పెద్ద చిక్కు, ఎందుకంటే దొంగ పేరు చెప్పకుండానే దొంగ ఉన్నాడని ఆ మాట తీర్పు ఇచ్చేస్తుంది. 'గుర్తు తెలియని వ్యక్తులు' అనడంతో ఆ దొంగ ఒక్కడు కూడా కాదు, ముఠా అయిపోయాడు!

మీ ఇంటి గందరగోళమంతా ఈ మాట వల్లనే వచ్చిందని నా అనుమానం. 'దొంగిలించింది ఎవరు?' అని అడిగితే 'నేను కాదు' అన్నది తప్ప ఇంకొక జవాబు రాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చెప్పులు దాచిన పిల్లలు బయటపడ్డారు, అంతే. (ఆ చెప్పులు దాచే వేడుక మనది కాదు, ఉత్తరాది సినిమాల నుంచి దిగింది. బిందెలో ఉంగరం వెతికించే ఆట మనకు ఉండనే ఉంది. దానికి ఎవరి చెప్పులూ పోనక్కర్లేదు.) వంటశాలలో కుర్రవాడు ఏమీ దొంగిలించలేదు. కొబ్బరికాయ తీసుకుపోయాడు, దాచి ఉంచాడు. 'కొబ్బరికాయ ఏమయింది?' అని ఒక్కరు అడిగి ఉంటే అటక మీది నుంచి దించి ఇచ్చేవాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని మీ బంధువులను నవ్వకండి. వారు వెతికింది కొబ్బరికాయను కాదు, దొంగను.

అందుకే నా ఓటు మేనమామగారికి. 'పోయాయి' ఎంత పెద్ద మాటో ఈ కాలంవారికి చెప్పినా తలకెక్కడం లేదు. 'పోవు' ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. తమిళులకు 'పో', మలయాళులకు 'పో', కన్నడిగులకు ఒకప్పుడు 'పోగు'. తర్వాత వారు పకారాన్ని హకారం చేసుకుని 'హోగు' అన్నారు. మనం మాత్రం పకారాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకున్నాం. కాపాడుకుని ఏం చేశాం? మర్యాద పేరిట దాన్ని మూలకు నెట్టి 'వెళ్లు'ను తెచ్చి కూర్చోబెట్టాం. నల్లగొండలో, పాలమూరులో 'బజారుకు పోతున్నాను' అంటే మోటుగా మాట్లాడారని మూతి విరిచేవారిని చూశాను. వారికి తెలియనిది ఏమిటంటే 'వెళ్లు' 'వెడలు' నుంచి వచ్చిన మాట. దాని తొలి అర్థం బయటికి రావడం. వెళ్లగక్కడం, వెళ్లగొట్టడం అన్న మాటల్లో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. గుడికి 'పోవడం' మోటు, 'వెళ్లడం' నాజూకు అనేవారు ఏ మాటను నెత్తిన పెట్టుకున్నారో ఒక్కసారి చూసుకోవాలి.

పోవు చేసే పనులకు అంతు లేదు. మనిషి ఊరికి పోతాడు, కరెంటు పోతుంది, మతి పోతుంది, పరువు పోతుంది. 'పోనీ' అంటే సమాధానపడటం, 'పోకడ' అంటే నడిచే తీరు. మనిషి కన్నుమూస్తే 'పోయాడు' అంటాం. 'చనిపోయాడు' అనేటప్పుడు తొలిసగంలోని 'చను' కూడా పోవడమే. ఒక పోక చాలక రెండు తగిలించాం. ఇంకొక క్రియ వెనుక చేరితే పని పూర్తయిందని చెబుతుంది: పడిపోయింది, అయిపోయింది, మరిచిపోయాను. ఇన్ని చోట్ల తిరిగినా అది ఎక్కడా ఎవరి మీదా నింద వేయదు. దాని అసలు గొప్పతనం అదే. 'దొంగిలించారు' అంటే పరాయివాడి తప్పు. 'పోగొట్టుకున్నారు' అంటే మీ ఇంటివారి తప్పు, మధ్యలో ఆ 'కొట్టు' చేరి తప్పును మన నెత్తినే కొడుతుంది. 'పోయాయి' అంటే ఎవరి తప్పూ కాదు, ఇంకా విచారణ జరగాలి. మనవారు 'పోయినచోటే వెతుక్కోవాలి' అన్నారు తప్ప 'దొంగిలించబడినచోట' అనలేదు.

నగలు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే తెనాలి రామకృష్ణుడి దగ్గరికి పోవాలి (ఇక్కడ 'వెళ్లాలి' అని దిద్దవద్దని కంపోజిటరుకు మనవి). పదహారో శతాబ్దపు ఆ మహానుభావుడు 'పాండురంగ మాహాత్మ్యం'లో నిగమశర్మ కథ చెప్పాడు. వేదాలు చదివిన ఇంట పుట్టి, చెడు తిరుగుళ్లలో ఆస్తి తగలబెట్టిన కుర్రవాడు నిగమశర్మ. తమ్ముణ్ణి దారిలో పెట్టాలని అక్క అత్తవారింటి నుంచి పిల్లలతో సహా వస్తుంది. తలంటి, వండిపెట్టి, పక్కన కూర్చుని బుజ్జగించి బుద్ధి చెబుతుంది. తమ్ముడు బుద్ధిమంతుడై తల ఊపుతాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఒక రాత్రి అందరూ నిద్రపోయాక ఇంటి నగలన్నీ మూటకట్టుకుని ఉడాయిస్తాడు. తెల్లవారిన తర్వాతి రోదనలోనే కవి చమత్కారమంతా ఉంది. ఇంటి పరువు ఏమయిందన్న ధ్యాస లేదు. ఎవరి వస్తువుకు వారే ఏడుస్తారు. సంస్కరించడానికి వచ్చిన అక్కగారికి తమ్ముడు చెడిపోయినందుకన్నా తన ముక్కర పోయినందుకే ఎక్కువ దుఃఖం! అంత చక్కటి పాత్రకు కవి పేరైనా పెట్టలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆమె మీద 'నిగమశర్మ అక్క' అని ఒక వ్యాసమే రాశారు. తెలుగు విమర్శలో అలాంటి వ్యాసాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, దొరికితే చదవండి. ఆ ఇంట్లో ఎవరూ వరుసవారీ విచారణ జరపలేదని గమనించారా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. అక్కడ పట్టవలసిన అవసరమే లేకపోయింది, ఖాళీ పడకే సాక్ష్యం చెప్పింది. మీ పెద్దనాన్నగారు కూడా మొదట ఖాళీ చోటు ఏదో చూసి ఉంటే, పచ్చడికి కొబ్బరికాయలు ఏరిన మూల కంటబడేది.

మరి నాయనమ్మగారి మాట? దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. మన ఆలంకారికులు అశ్లీలాన్ని మూడు విధాలుగా చెప్పారు: సిగ్గు పుట్టించేది, జుగుప్స కలిగించేది, అమంగళం స్ఫురింపజేసేది. ఈనాటివారు మొదటిదాన్నే అశ్లీలం అనుకుంటారు. మీ నాయనమ్మగారికి మూడోది తెలుసు, అలంకారశాస్త్రం చదవకుండానే తెలుసు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అని, దీపం ఆరితే 'కొండెక్కింది' అని, గాజు పగిలినా పుస్తెలతాడు తెగినా 'పెరిగింది' అని అన్నది ఆ తరంవారే. ఖాళీ డబ్బాను చూసి నిండుకుందనడానికి ఎంత ధైర్యం కావాలి! ఇప్పటి పిల్లలు 'బియ్యం నిండుకున్నాయి' అంటే డబ్బా నిండా ఉన్నాయనుకుని దుకాణానికి పోవడం మానేస్తున్నారు. మాట పోతే ఇంట్లో పస్తులుండవలసి వస్తుందని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కాబట్టి భాషాపరంగా 'పుస్తెలు పోయాయి' నిర్దుష్టం. పెళ్లింట, అదీ పుస్తెల విషయంలో, నాయనమ్మ వినేటట్టు మాత్రం అనకూడదు. అర్జీలో ఏం రాయాలి అంటే, నన్నడిగితే 'కనబడటం లేదు' అని రాయమంటాను. తప్పిపోయినవారి ఫొటో వేసి పత్రికలు పైన పెట్టే 'కనబడుటలేదు' అన్న శీర్షిక మచ్చలేని తెలుగు. అందులోనూ 'బడు' ఉంది కదా అని ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. అది కర్మణి కాదు. చూపుకు తగలడం, కంట పడటం. పోలీసులు ఆ మాటతో కేసు కడతారా అంటే అది వారి ఇష్టం, నా శాస్త్రం అక్కడిదాకా పోదు. అవతల నిజంగానే జేబుదొంగ దొరికితే 'దొంగిలించాడు' అని ముక్కుసూటిగా రాయండి, అప్పుడు నాయనమ్మగారు కూడా అడ్డు చెప్పరు.

'చోరీకి గురయ్యాయి' అనకండి. జ్వరానికి గురైనట్టు చోరీకి గురి కావడం ఏమిటి? 'మాయమయ్యాయి' అంటే నేరం మాయ మీద పడుతుంది, కథల్లో బాగుంటుంది. పుస్తె, తాళి రెండూ మంచి మాటలే, మీ వైపు పుస్తె వాడుక ఎక్కువ, అదే వాడండి. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది కనుక 'పుస్తెలు' అని బహువచనంలో రాసినందుకు మీ పెద్దనాన్నగారిని మెచ్చుకోవాలి. ఆ అర్జీలో దిద్దనవసరం లేని మాట అదొక్కటే.