మరగబెట్టి తిన్నా వాంతులు ఎందుకు?

ప్రశ్న: మధ్యాహ్నం 12 గంటలకు వండిన అన్నం, మాంసం కూర అందరం తిన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. వేడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారని మిగిలింది వంటగట్టు మీదే ఉంచాం. రాత్రి 8 గంటలకు వాసన చూసి, పొగలు వచ్చేదాకా వేడి చేసి నేను, మా అబ్బాయి (14 ఏళ్లు) తిన్నాం. 11 గంటలకల్లా ఇద్దరికీ వాంతులు. తెల్లారేసరికి తగ్గాయి, జ్వరం లేదు. అంత వేడి చేసినా ఎందుకిలా అయింది? యాంటీబయాటిక్ వాడాలా?

జవాబు: మీరు రాసిన టైములే సగం జవాబు చెబుతున్నాయి. అదే వంట మధ్యాహ్నం ఎవరినీ ఏమీ చేయలేదు. రాత్రి తిన్న మూడు గంటలకే వాంతులు మొదలై, జ్వరం లేకుండా తెల్లారేలోపు తగ్గిపోయాయి. పరీక్ష లేకుండా ఫలానా క్రిమి అని ఖాయంగా చెప్పలేం గానీ, బాక్టీరియా తిండిలో ముందే తయారుచేసి పెట్టిన విషం వల్ల సాధారణంగా ఇలాగే అవుతుంది.

నా అనుమానం కూర కన్నా అన్నం మీదే ఎక్కువ. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్ల రూపంలో ఉంటుంది. గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి ఇవి, అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే మొలకెత్తి, పెరిగి, సెరియులైడ్ అనే విషాన్ని వదులుతాయి. రాత్రి మీరు పెట్టిన మంటకు బాక్టీరియా చచ్చే ఉంటుంది. ఆ విషం మాత్రం 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. వండేవారి చేతి పుండ్ల నుంచో ముక్కు నుంచో తిండిలోకి చేరే స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా వదిలే విషమూ ఇంత మొండిదే. అందుకే ఎనిమిది గంటలు బయట ఉంచిన తప్పును పది నిమిషాలు మరగబెట్టి దిద్దుకోలేం.

ఇక వాసన సంగతి. తిండిని పులియబెట్టి కంపు కొట్టించే క్రిములు వేరు, మనల్ని పడకేయించేవి వేరు. రెండో రకం చాలాసార్లు రుచినీ వాసననీ ముట్టుకోవు.

మీ విషయంలో చివరిగా తిన్నదే దోషి కావచ్చు గానీ, ప్రతిసారీ అలా అనుకోవద్దు. తిండితో ఒంట్లోకి చేరే వేరే క్రిములు జబ్బు బయటపెట్టడానికి సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు, నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు, క్యాంపిలోబ్యాక్టర్‌కు 2 నుంచి 5 రోజులు పడుతుంది. విరేచనాలు పట్టుకుంటే నిన్నటి భోజనాన్నే తిట్టుకుంటాం, అసలుది మొన్నటిదో అటు మొన్నటిదో అయి ఉండొచ్చు.

5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా జోరుగా పెరుగుతుంది. వండినది ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాటలో కొంత నిజముంది: నిండు గిన్నెను అలాగే తోస్తే పక్కనున్నవి వేడెక్కుతాయి, గిన్నె నడిభాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. అందుకని మిగిలినదాన్ని వెడల్పాటి పళ్లాల్లో 5 సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిచి, ఆవిరి తగ్గగానే లోపల పెట్టేయండి. పూర్తిగా చల్లారేదాకా ఆగక్కర్లేదు. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి. అన్నం మర్నాటికల్లా, కూర మూడు నాలుగు రోజుల్లోగా తినేయాలి. ఎందుకంటే లిస్టీరియా లాంటి బాక్టీరియాలు ఆ చలిలో కూడా పెరుగుతాయి. ఫ్రీజర్ అయితే క్రిముల్ని నిద్రపుచ్చుతుందంతే, చంపదు. తీశాక తినేంత మేరకే, మధ్య మధ్య కలుపుతూ, నడిమధ్య 74 డిగ్రీలు చేరేదాకా ఒక్కసారే వేడి చేయండి. మైక్రోవేవ్‌లో అంచులు సలసల కాగుతున్నా మధ్యలో చల్లగా ఉండిపోవడం మామూలే.

అన్నట్టు, పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే శుభ్రమవుతుందనుకోవడమూ పొరపాటే. చిందిన నీటితో క్రిములు సింకుకీ, పక్కనున్న గిన్నెలకీ అంటుకుంటాయి. వాటిని చంపేది ఉడకడమే.

యాంటీబయాటిక్ మీకు అక్కర్లేదు. విషం మీద అది పనిచేయదు. కొన్ని రకాల ఈ-కోలై బాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల్లో అయితే కిడ్నీలకు ముప్పు పెంచవచ్చు కూడా. మళ్లీ ఇలాంటిది వస్తే ముందు ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు మంచినీళ్లలో తలకొట్టిన 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మళ్లీ పట్టాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ను పిల్లలకు ఇవ్వొద్దు. జ్వరం గానీ మలంలో రక్తం గానీ ఉంటే పెద్దలూ వేసుకోవద్దు.

మలంలో రక్తం, 102 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, తాగిందల్లా కక్కేయడం, మూత్రం బాగా తగ్గడం, నిలబడితే కళ్లు తిరగడం, మూడు రోజులు దాటిన విరేచనాలు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆస్పత్రికి వెళ్లాలి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివారు అయితే ఇంతదాకా కూడా ఆగొద్దు. ఇక చూపు రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం బొటులిజం (బాక్టీరియా విషం నరాలను దెబ్బతీసే జబ్బు) లక్షణాలు. అప్పుడు విరేచనాలు లేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.