కొట్టులో కూర్చునే మనిషికి ఏ యంత్రం కొనివ్వాలి?

ప్రశ్న: మా నాన్నగారు తెనాలిలో ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. వచ్చే నెల ఆయన షష్టిపూర్తి. నేనూ, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడూ కలిసి 15 వేల రూపాయలలోపు ఆయన వ్యాపారానికి పనికొచ్చే వస్తువు ఏదైనా ఇవ్వాలనుకుంటున్నాము. తమ్ముడు ట్యాబ్ కొందామంటున్నాడు. నాకు మాత్రం ఎలక్ట్రానిక్ కాటా, బిల్లుల ప్రింటరు, సౌండ్‌బాక్స్‌లలో ఏదో ఒకటి మేలనిపిస్తోంది. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఏదైనా కొనే ముందు ఒక ఆదివారం ఉదయం ఏడు గంటలకు వెళ్లి, మీ నాన్నగారి పక్కన స్టూలు వేసుకుని రెండు గంటలు కూర్చోండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగుతోందో, ఏ పనికి ఆయన రెండుసార్లు లేస్తున్నారో, ఏ లెక్క దగ్గర కొనేవారితో మాటా మాటా వస్తోందో గమనించండి. నేను ఎరిగిన ఒక కొట్టులో ఇంటిపిల్లలు ముచ్చటపడి ట్యాబ్ కొనిచ్చారు. ఆ పెద్దాయన బెల్లం కొట్టిన చేత్తో తాకితే తెర పలికేది కాదు, చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి ఎదుట నలుగురు నిలబడేవారు. వారం తిరక్కుండా ఆయన మళ్లీ సబ్బుల అట్టపెట్టె ముక్క చించి, చెవి మీది పెన్సిలు తీసి కూడికలు మొదలుపెట్టారు. ఆ కూడికలో తప్పు రాదు, ఆలస్యమూ కాదు. అందువల్ల ట్యాబ్ మాట నేను సమర్థించలేను.

సౌండ్‌బాక్స్ విషయంలో ఒక చిక్కు ఉంది. డబ్బు జమ కాగానే బిగ్గరగా చెప్పే ఆ పెట్టె, చెల్లించినట్లు పాత స్క్రీన్‌షాట్ చూపి వెళ్లిపోయేవారి బెడద తప్పిస్తుంది కాబట్టి కిరాణా కొట్టుకు నిజంగా ఉపకారమే. అయితే అది కొని, రంగుకాగితం చుట్టి ఇచ్చే వస్తువు కాదు. చెల్లింపుల సంస్థ దానిని వ్యాపారి సొంత క్యూఆర్ కోడ్‌కూ, బ్యాంకు ఖాతాకూ జతచేసి ఇస్తుంది, చాలాచోట్ల నెలనెలా అద్దె కూడా తీసుకుంటుంది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులపై వ్యాపారి దగ్గర ఎండీఆర్ (చెల్లింపు జరిపించినందుకు అందులోంచి కోసుకునే రుసుము) వసూలు చేయరాదన్న నిబంధన 2020 జనవరి నుంచి అమలులో ఉన్నా, పెట్టె అద్దె అందులోకి రాదు. తొందరలో దానిని మీ పేరుమీద తీసుకుంటే ఆయన అమ్మకాల డబ్బు మీ ఖాతాలో పడుతుంది, ఆపైన లెక్కలు చిక్కుపడతాయి. ఆయన పేరుతోనే దరఖాస్తు చేయించి, అద్దె మీరు భరించండి.

ఇక కాటా. ఇప్పుడు కొట్టులో ఉన్నది రాళ్ల త్రాసు అయినా, అంకెలు సగం వెలిగీ వెలగని పాత కాటా అయినా నేను మొదటి ఓటు దీనికే వేస్తాను, ఎందుకంటే పొద్దుటినుంచి రాత్రి దాకా ఆయన చెయ్యి ఎక్కువసార్లు వెళ్లేది దాని మీదికే. కానీ ఆన్‌లైనులో వెయ్యి రూపాయలకు కనిపించే వంటింటి కాటా కొనకండి. 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ప్రకారం అమ్మకానికి వాడే కాటా ఆమోదం పొందిన నమూనాది అయి ఉండాలి, శాఖ అధికారి సరిచూసి ముద్ర వేసినదై ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఆ ముద్రను ఏడాదికోసారి మళ్లీ వేయించుకోవాలి. కాబట్టి లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే కొని, ముద్రా, ధ్రువపత్రమూ చేతికి వచ్చాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి.

కొనేటప్పుడు కాటాకు అంటించిన చిన్న పలకను చదవండి. 30 కిలోల కాటా మీద సాధారణంగా గరిష్ఠం 30 కిలోలు, కనిష్ఠం 100 గ్రాములు, ఒక్కో విభాగం (అంకె ఒక్కసారి మారేందుకు కావలసిన బరువు) 5 గ్రాములు అని ఉంటుంది. బియ్యానికీ, కందిపప్పుకూ అది చక్కగా సరిపోతుంది. పాతిక గ్రాముల యాలకులు మాత్రం దానిమీద తూచకూడదు. అంత ఖరీదైన సరుకులో ఒక్క విభాగం అటూ ఇటూ అయినా అయిదోవంతు తేడా వస్తుంది. మీ నాన్నగారు సుగంధ ద్రవ్యాలు విడిగా అమ్మేవారైతే వాటికోసం తక్కువ బరువులు తూచే మరో చిన్న కాటా అవసరం, దానికీ ముద్ర తప్పదు. కొనేవారి వైపు కూడా అంకెలు కనిపించేదీ, కరెంటు పోయినా నడిచేలా లోపల బ్యాటరీ ఉన్నదీ చూసి తీసుకోండి.

కాటా ఇప్పటికే బాగుంటే అప్పుడు ప్రింటరు ఆలోచించవచ్చు. రెండంగుళాల కాగితం మీద ముద్రించే థర్మల్ ప్రింటరు రెండు మూడు వేలకు దొరుకుతుంది, ఫోనుతో బ్లూటూత్ ద్వారా పనిచేస్తుంది, సిరా అక్కర్లేదు. పది రూపాయల జీలకర్ర పొట్లానికి బిల్లు కొట్టడం దండగ, నెలవారీ సరుకుల చీటీ ఇచ్చేవారికీ అరువు ఖాతాల వారికీ మాత్రం అది బాగా ఉపయోగపడుతుంది. చవక ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు సొంతంగా రావు, ఫోనులోని యాప్ వాటిని బొమ్మగా మార్చి పంపితేనే అచ్చవుతాయి. అందుకని దుకాణంలోనే "కందిపప్పు" అని ఒక బిల్లు కొట్టించి చూడండి. వేడికి నల్లబడే కాగితం మీద అచ్చు కనుక ఎండ తగిలితే వెలిసిపోతుంది, అరువు లెక్కకు ఆ చీటీనే సాక్ష్యంగా దాచుకోవద్దని నాన్నగారికి చెప్పండి. పాత పద్దు పుస్తకం దాని పని అది చేస్తూనే ఉండాలి.

ఇంకొక్క మాట. ఆయనకు జీఎస్‌టీలో సాధారణ రిజిస్ట్రేషన్ ఉంటే మీరు కొనే వస్తువు బిల్లును కొట్టు పేరున, ఆ నంబరుతో తీసుకోండి, కట్టిన పన్ను ఆయన సర్దుబాటు చేసుకోవచ్చు. కాంపొజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి ఆ వీలు లేదు.

ప్రశ్న: మా అత్తగారు వరంగల్‌లో జాకెట్లు, చుడీదార్లు కుట్టే చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నారు. ఆమె దగ్గర పాత పవర్ మిషన్ ఉంది. మేము డాలస్‌లో ఉంటాము. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇక్కడి నుంచి కంప్యూటరు కుట్టు మిషన్ తేవచ్చా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: తేవద్దనే నా సలహా. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మిషన్ వెనుక 100–240 వోల్టులు అని రాసి ఉంటే పరవాలేదు, లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు. పైగా పెళ్లిళ్ల రోజుల్లో ఏ భాగమో పాడైతే దానిని విప్పి బాగుచేసే మెకానిక్ కోసం వెతకాలి.

ఆమె పవర్ మిషన్‌కు ఇప్పటికీ క్లచ్ మోటారే ఉంటే దానిని తీయించి, వరంగల్‌లోనే సర్వో మోటారు పెట్టించండి. క్లచ్ మోటారు స్విచ్ వేసింది మొదలు కుట్టినా కుట్టకపోయినా హోరుమని తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగుతుంది. కరెంటు ఖర్చూ తగ్గుతుంది, చప్పుడూ తగ్గుతుంది, కొత్తగా పని నేర్చుకునే అమ్మాయిల కోసం వేగాన్ని తగ్గించి పెట్టుకోవచ్చు. దానితోపాటు సూది దగ్గర వెలుగు పడేలా ఒక ఎల్‌ఈడీ దీపం బిగించమనండి, నల్లని జాకెట్టు మీద నల్లదారంతో కుట్టేటప్పుడు ఆమె కళ్లకు దాని విలువ తెలుస్తుంది.

అక్కడి నుంచి చేతిలో ఏదో ఒకటి పట్టుకుని రావాలనే ఉంటే మంచి టైలరింగ్ కత్తెర తీసుకురండి, దానికి వోల్టేజీతో పని లేదు. విమానంలో మాత్రం చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.