సైట్ స్టోర్ రూమ్‌లో టూల్స్ పోయాయి, కాంట్రాక్టర్ బాధ్యత లేదంటున్నాడు

ప్రశ్న: నేను ఎలక్ట్రీషియన్‌ని. ఒక సైట్‌లో వైరింగ్ పని చేస్తున్నాను. ఒకదాని మీద ఒకటి పెట్టి క్లిప్పులతో బిగించే మూడు సొరుగుల బాక్సుల్లో నా టూల్స్ అన్నీ ఉంటాయి. రోజూ మోసుకెళ్లడం ఎందుకని సూపర్‌వైజర్ వాటిని స్టోర్ రూమ్‌లో పెట్టించి, తాళం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే కింది బాక్సు సొరుగు పగలగొట్టి ఉంది. డ్రిల్లింగ్ మిషన్, మెగ్గర్, క్రింపింగ్ టూల్ లేవు. కాంట్రాక్టర్ని అడిగితే ‘మీ సామానుకు మీరే బాధ్యులు’ అన్న బోర్డు చూపిస్తున్నాడు. పైగా నేను తీసుకున్న అడ్వాన్స్ తిరిగిచ్చేదాకా మిగతా రెండు బాక్సులూ ఇవ్వనంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసిన దాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘తాళం తన దగ్గరే ఉంచుకున్నాడు’ అన్నది. మీ కేసంతా దాని మీదే నిలబడుతుంది.

మీరే బాక్సును సైట్‌లో ఓ మూల పెట్టి వెళ్లి ఉంటే, కాంట్రాక్టర్ మీకు చోటు మాత్రమే ఇచ్చినట్టు. అప్పుడు ఆయన్ని పట్టుకోవడం కష్టం. కానీ ఆయన మనిషైన సూపర్‌వైజర్ బాక్సులు లోపల పెట్టించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంటే వస్తువు ఆయన స్వాధీనంలోకి వెళ్లింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ దీన్నే బెయిల్‌మెంట్ అంటుంది. కాగితం మీద ఒప్పందం లేదని కంగారు పడకండి, నోటిమాట చాలు. కాంట్రాక్టర్ తరఫున తీసుకునే అధికారం ఉన్న మనిషికి అప్పగించినా ఆయనకు అప్పగించినట్టేనని 149వ సెక్షన్ చెబుతోంది.

అలా తీసుకున్నవాడు, జాగ్రత్తగల మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. ఇది 151వ సెక్షన్. అలా చూసుకున్నా పోతే బాధ్యత ఉండదు (152). అయితే ఆ జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవాల్సింది ఆయనే. స్టోర్ రూమ్ తలుపుకు ఎలాంటి తాళం ఉంది, రాత్రి వాచ్‌మన్ ఉన్నాడా, తాళంచెవి ఎంతమంది చేతులు మారింది అన్న ప్రశ్నలు కోర్టులో ఆయన్నే అడుగుతారు. గట్టి తాళం, కాపలా రెండూ చూపించగలిగితే ఆయన బయటపడే అవకాశం ఉందన్నది కూడా మీకు చెప్పాలి.

ఇక బోర్డు సంగతి. 2019లో ఒక హోటల్‌ వాలెట్ పార్కింగ్ (కారు తాళం తీసుకుని టోకెన్ ఇచ్చి, హోటల్ వాళ్లే పార్క్ చేసే ఏర్పాటు) కేసులో సుప్రీంకోర్టు, వస్తువు స్వాధీనం చేసుకున్నాక సొంత నిర్లక్ష్యానికి బాధ్యత లేదని టోకెన్ మీద రాసుకుంటే చెల్లదని చెప్పింది. బోర్డుకూ ఇదే వర్తిస్తుందని మీ లాయర్ ఈ తీర్పును చూపించాలి.

పోలీసు ఫిర్యాదు ఆలస్యం చేయకండి. వస్తువులు భద్రపరిచే గదిలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మూసి ఉన్న పెట్టెను పగలగొట్టడం 334వ సెక్షన్ కింద విడిగా నేరం. కాబట్టి ఫిర్యాదులో ‘టూల్స్ పోయాయి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, స్టోర్ రూమ్ అనీ సొరుగు తాళం పగిలిందనీ స్పష్టంగా రాయండి. విరిగిన గొళ్లేన్ని సరిచేయకముందే ఫొటో తీయండి. సొరుగు లోపలి ఫోమ్‌లో డ్రిల్లు ఆకారంలో ఖాళీ కనిపిస్తుంటే అదీ తీయండి, అక్కడ ఏముండేదో ఆ గుంటే చెబుతుంది. మిషన్ సీరియల్ నంబర్ బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో దొరుకుతుంది. దొరికిన టూల్ మీదేనని తేల్చేది ఆ నంబరే. ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి.

రెండు బాక్సులు పట్టుకుని కూర్చోవడం మాత్రం శుద్ధ అన్యాయం. అడ్వాన్స్ వేరే లెక్క. విడిగా ఒప్పుకుని ఉంటే తప్ప, దానికోసం మీ సామాను ఆపే హక్కు ఆయనకు లేదు. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ అలాంటి హక్కును బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఇచ్చింది, అందులో బిల్డింగ్ కాంట్రాక్టర్ లేడు. అంతెందుకు, ఆయన అడ్వాన్స్ కోసం కోర్టుకెళ్లి డిక్రీ (డబ్బు కట్టాలన్న కోర్టు తీర్పు) తెచ్చుకున్నా, చేతిపని వారి పనిముట్లను జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ అంటోంది. ఎలక్ట్రీషియన్ కూడా ఆ కోవలోకే వస్తాడని నేనైతే గట్టిగా వాదిస్తాను. కోర్టే ముట్టుకోని పనిముట్లను ఒక కాంట్రాక్టర్ గదిలో పెట్టి తాళం వేయడం ఏమిటి?

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. బాక్సులు ఇవ్వాలని, పోయిన వాటికి పరిహారం కట్టాలని అడగండి. వాడిన టూల్స్ కాబట్టి కొత్త ధర మొత్తం వస్తుందని ఆశపెట్టుకోవద్దు. అడిగాక కాదన్న తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. అంతదాకా ఎందుకు, కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. రోజూ టూల్స్‌తో పని ఉండే మీకు ఇదే మేలైన దారి.

బాక్సులు ఇస్తామని పిలిస్తే ఒక సాక్షిని వెంట తీసుకెళ్లండి. ‘అన్నీ అందాయి’ అన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ప్రతి సొరుగూ తెరిచి చూసుకుని, ఏం అందాయో, ఏం రావాల్సి ఉందో దాని మీదే మీ చేత్తో రాయండి.