గూగుల్ ఫొటోస్ ఆల్బమ్ లింకు బంధువులకే పంపాను, బయటివాళ్లు చూడగలరా?

చూడగలరు. ఆల్బమ్‌కి లింక్ షేరింగ్ ఆన్‌లో ఉన్నంతకాలం ఆ లింకు ఎవరి చేతికి చేరితే వాళ్లకి ఫొటోలన్నీ కనిపిస్తాయి, గూగుల్ అకౌంట్ కూడా అక్కర్లేదు.

ఎందుకంటే అక్కడ లింకే తాళంచెవి. తెరిచింది మీ పిన్నిగారా, ముక్కూ మొహం తెలియని మనిషా అని గూగుల్ అడగదు. లింక్ షేరింగ్ ఆపేసి, ఒక్కొక్కరినీ వాళ్ల అకౌంట్‌తో ఆహ్వానిస్తే మాత్రం లాగిన్ అయింది ఎవరో చూసి మరీ తెరుస్తుంది.

పాప బారసాల ఆల్బమ్ లింకుని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. మావయ్యగారు మురిసిపోయి దాన్ని ఆఫీసు గ్రూపుకి ఫార్వర్డ్ చేస్తారు. ఆయన తప్పేం లేదు, ప్రేమతోనే పంపారు. కానీ ఉయ్యాల్లో పాపతో పాటు, గుమ్మం దగ్గర నించున్న తాతగారి వెనక డోర్ నంబరు కూడా మీకు తెలియనివాళ్ల ఫోన్లలో కనిపిస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: వాట్సాప్‌లో మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోతుందనుకుంటారు. మెసేజ్ పోతుంది, లింకు పోదు. కాపీ చేసుకున్నవాళ్లకి అది పనిచేస్తూనే ఉంటుంది. ఆల్బమ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి లింక్ షేరింగ్ ఆఫ్ చేస్తేనే ఆగుతుంది. ఈలోపు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకున్నవి ఎలాగూ వెనక్కి రావు, కాబట్టి ఆలస్యం చేయకండి. అదే ఆప్షన్స్‌లో ఫొటో తీసిన లొకేషన్ షేర్ చేసే బటన్ కూడా ఉంటుంది, దాన్నీ ఆపేయండి.